నవ్వే పిల్లోనికి రోగమేంది?

మా అక్క కొడుకు మూడో నెలలోనే గట్టిగా నవ్వడం మొదలుపెట్టాడు. పిల్లలందరూ నవ్వుతారు కదా, ఇందులో చెప్పుకునేదేముంది అంటారేమో. వీడి నవ్వు వేరేగా ఉండేది. గాజులు గలగలమన్నా నవ్వే. పక్కింట్లో కుక్కర్ కూతపెట్టినా నవ్వే. టీకా సూది గుచ్చితే ఒక్క క్షణం మొహం ముడుచుకొని, నర్సు మొహం చూసి మళ్లీ నవ్వే. మా చాళ్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లు సాయంత్రం చాటలు పక్కన పెట్టి వీణ్ని ఎత్తుకోవడానికి వచ్చేవాళ్లు. "వీని మొగం చూస్తే వెయ్యి బీడీల అలుపు పోతది" అనేది ఒకామె.

పైగా తెల్లగా పుట్టాడు. మా ఇంట్లో అందరిదీ చామనఛాయ. వీడికి ఒళ్లు తెలుపు, జుట్టు రాగిరంగు. చూడవచ్చినవాళ్లు "ఎవరి పోలికనే వీడు?" అని అక్కను అడిగి నవ్వేవాళ్లు. ఆ మాటలో ముల్లు అక్కకు గుచ్చుకునేది. మాకు తెలిసేది కాదు.

ఎనిమిదో నెల వచ్చింది. మెడ ఇంకా సరిగ్గా నిలవలేదు. కూచోబెడితే ఖాళీ గోనెసంచిలా పక్కకు వాలిపోతాడు. పాలు తాగేటప్పుడు నాలుక బయటికి తోసి సగం కక్కేస్తాడు. అక్కకు భయం పుట్టింది. దవాఖానకు తీసుకుపోదామా అని అడిగితే మా అమ్మమ్మ కొట్టిపారేసింది. "నవ్వే పిల్లోనికి రోగమేందే? రోగమొస్తే ఏడుస్తరు గాని నవ్వుతరా?"

ఆ మాటకు తలూపినవాళ్లలో నేనూ ఉన్నాను. పన్నెండేళ్లుగా బాల్వాడీలో పిల్లల్ని చూస్తున్నదాన్ని. ఎవరు ఏ నెలలో కూచోవాలి, ఏ నెలలో పాకాలి అని గోడమీద పట్టీ అంటించుకున్నదాన్ని. అయినా వాడి నవ్వు చూసి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడానికి మా ఇంట్లో మూడేళ్లు ఖర్చయ్యాయి. అందుకే ఇది రాస్తున్నాను.

వాడికున్నది ఏంజెల్‌మన్ సిండ్రోమ్. నరాలకు, మెదడుకు సంబంధించిన జబ్బు, పుట్టుకతోనే జన్యువులో ఉన్న లోటు వల్ల వచ్చేది. సుమారు 12,000 నుంచి 20,000 మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందని డాక్టర్లు లెక్క కడతారు. అంటే షోలాపూర్ లాంటి ఊర్లో వీడొక్కడే ఉండడు. వేరే పేరు పెట్టి, లేదా ఏ పేరూ పెట్టకుండా, 'మందమతి' అనో 'దేవుని బిడ్డ' అనో పెంచుతున్న ఇళ్లు ఇంకా ఉండే ఉంటాయి. ఈ జబ్బు లక్షణాల్లో మాకు మొదట కనబడింది నవ్వే. మిగతావన్నీ ఆ నవ్వు వెనకాల నుంచి మెల్లగా ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

మా వాడి విషయంలో రెండోది నిద్ర. రాత్రి రెండు గంటలకు లేచి కూచుంటాడు, అంటే పడుకునే చేతులు ఆడిస్తూ పకపకా నవ్వుతాడు. మా మామది అప్పుడు కార్ఖానాలో రాత్రి పాళీ. పొద్దున వచ్చి పడుకుందామంటే వీడు మెలకువగానే ఉండేవాడు. "నాకన్న వీడే ఎక్కువ ఓవర్‌టైం చేస్తుండు" అని మామ పరాచికం ఆడేవాడు మొదట్లో. తర్వాత ఆడలేదు. ఈ జబ్బున్న పిల్లలకు నిద్ర అవసరమే తక్కువగా ఉంటుందని, అది మొండితనం కాదని మాకు చాలా కాలానికి తెలిసింది.

మూడోది ఫిట్స్. రెండేళ్లప్పుడు జ్వరంలో వచ్చింది మొదటిసారి. జ్వరం వల్లనే అన్నారు ఒక డాక్టరు. తర్వాత జ్వరం లేకుండానే వచ్చింది. ఇంకో పెద్ద దవాఖానలో చూపిస్తే పుట్టేటప్పుడు మెదడుకు గాలి అందలేదన్నారు, సెరిబ్రల్ పాల్సీ అని రాసిచ్చారు. అక్క కాన్పు ఏ ఇబ్బందీ లేకుండా అయింది, బిడ్డ వెంటనే ఏడ్చాడు. ఆ మాట చెప్పినా వాళ్లు వినలేదు. ఫిట్స్‌కు ఒక మందిచ్చారు. ఆ మందు మొదలుపెట్టాక ఫిట్స్ తగ్గకపోగా పెరిగాయి. మొహం నవ్వుతూనే ఉంటుంది, కనుగుడ్లు మాత్రం ఒక పక్కకు పోతాయి, చేతులు చిన్నగా అదురుతాయి. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

ఇలా పొరబడింది మేమే కాదు. ఐర్లండ్ సినిమా నటుడు కోలిన్ ఫారెల్ కొడుక్కి కూడా ఇదే జబ్బు. మొదట సెరిబ్రల్ పాల్సీ అన్నారని ఆయనే బయట చెప్పాడు. అంత డబ్బు, పేరు ఉన్నవాళ్లకే అలా జరిగితే మన సంగతి చెప్పేదేముంది.

నాలుగో ఏట ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె ముందు ఫైలు తెరవలేదు. వాడి ఎదురుగా కూచొని కళ్లలో కళ్లు పెట్టి చూసింది. వాడు నవ్వాడు. ఆమె తల తిప్పుకుంది. వాడి నవ్వు మెల్లగా ఆగిపోయింది. మళ్లీ చూసింది. మళ్లీ నవ్వు. తర్వాత వాణ్ని లేపి నిలబెట్టించింది. కాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు మడిచి, చేతులు పైకెత్తి, తాడుమీద నడిచేవాడిలా వణుకుతూ నిలబడ్డాడు. తల చుట్టుకొలత టేపుతో కొలిచింది. చిన్నదిగా ఉంది. ఈఈజీ తీయించింది, అంటే మెదడులో నడిచే కరెంటును గీతలుగా రాసే పరీక్ష. ఈ జబ్బులో ఆ గీతలకు ఒక ప్రత్యేకమైన వరస ఉంటుందట. అప్పుడు రక్తం తీసి జన్యు పరీక్షకు పంపింది.

ఈ పేరు ఎక్కడిది

హ్యారీ ఏంజెల్‌మన్ ఇంగ్లండ్‌లో పిల్లల డాక్టరు. వారింగ్టన్ అనే ఊర్లో పనిచేసేవాడు. ఆ ఊరు అప్పట్లో లాంకషైర్ జిల్లాలో ఉండేది. లాంకషైర్ పేరు మన మిల్లుల్లో పనిచేసిన పెద్దవాళ్లకు కొత్త కాదు. నూలు మిల్లులు పెరిగి పెద్దవైన సీమ అది. మన దేశపు పాత మిల్లుల యంత్రాలు చాలావరకు అక్కడి నుంచే ఓడలెక్కి వచ్చాయి.

ఆయన వార్డుకు వేరువేరు సమయాల్లో ముగ్గురు పిల్లలు వచ్చారు. వాళ్లకు ఒకరితో ఒకరికి సంబంధం లేదు. అయినా ముగ్గురిదీ ఒకటే నవ్వు, ఒకటే బిగుసుకున్న నడక, ముగ్గురికీ మాటల్లేవు, ఫిట్స్ ఉన్నాయి. ఇది ఒకే జబ్బని ఆయన మనసు చెప్పింది గాని చూపించడానికి రుజువు లేదు. రాయాలా వద్దా అని ఊగాడు. ఆ రోజుల్లో సెలవుమీద ఇటలీ పోయి, వెరోనా నగరంలో కాస్తెల్వెక్కియో అనే కోట మ్యూజియంలో ఒక బొమ్మ చూశాడు. 16వ శతాబ్దపు చిత్రకారుడు జొవాన్ని ఫ్రాంచెస్కో కరోతో వేసింది. ఎర్రజుట్టు కుర్రాడు చేతిలో తాను గీసిన బొమ్మ పట్టుకొని పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటాడు. ఆ నవ్వు చూడగానే ఆయనకు తన వార్డులో పిల్లలు గుర్తొచ్చారు. తిరిగొచ్చి 1965లో వ్యాసం రాశాడు. దానికి 'కీలుబొమ్మ పిల్లలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు డాక్టర్లు దీన్ని 'నవ్వే కీలుబొమ్మ జబ్బు' అనేవాళ్లు. కన్నబిడ్డను కీలుబొమ్మ అంటే ఏ తల్లికి నచ్చుతుంది? 1982లో ఇద్దరు అమెరికా డాక్టర్లు ఆ పేరు మార్చి ఏంజెల్‌మన్ పేరే పెడదామన్నారు. అదే నిలిచింది. 1987లో ఎలెన్ మజెనిస్ అనే అమెరికా డాక్టరు ఈ పిల్లల్లో 15వ క్రోమోజోము నుంచి ఒక చిన్న ముక్క పోయి ఉంటుందని కనిపెట్టింది. అసలు జన్యువు ఏదో 1997లో తేలింది. దాని పేరు యూబీఈ3ఏ. ఏటా ఫిబ్రవరి 15న ఈ జబ్బు గురించి చెప్పుకునే రోజు జరుపుతారు. 15 అనే అంకె ఆ క్రోమోజోము నుంచి వచ్చిందే.

'తల్లి నుంచి' అనే రెండు మాటలు

పరీక్ష ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ మరాఠీలో చెప్పింది: పదిహేనో క్రోమోజోములో తల్లి నుంచి రావలసిన ముక్క లేదు. ఇంటికొచ్చేసరికి ఆ వాక్యంలో రెండు మాటలే మిగిలాయి. 'తల్లి నుంచి.'

చాళ్‌లో ఒక్కో గడప దాటుతూ ఆ మాట పెద్దదైంది. తల్లి రక్తంలో దోషమట అన్నారు. గర్భంతో ఉండి గ్రహణం చూసిందట అన్నారు. తెల్లతోలు సంగతి మళ్లీ పైకొచ్చింది. అక్క పసుపు కుంకుమలకు పోవడం మానేసింది. నల్లా దగ్గరకు కూడా అందరూ పోయాక పోయేది.

ఇంకొకటి చెప్పాలి. అక్కను ఇచ్చింది మా అమ్మ చిన్న తమ్ముడికే. అంటే అక్కకు అమ్మమ్మే అత్తగారు. మా దగ్గర తల్లి వైపు, తండ్రి వైపు అని విడదీయడానికి లేదు, రెండూ ఒకటే గడప. కాబట్టి అమ్మమ్మ అక్కనేమీ అనలేదు. ఆమె తననే అనుకుంది. "నా మనుమరాలిని నా కొడుక్కు జేసుకున్న. రక్తం రక్తం ఒకటైంది. నేను జేసిన పాపం వీనికి తగిలింది." కోజాగిరి పున్నమికి తుల్జాపూర్ భవానీకి మొక్కి, ఆ వయసులో సగం దూరమన్నా నడిచింది. మూడేళ్లు నడిచింది. ఎందుకు నడుస్తోందో మాకెవ్వరికీ చెప్పలేదు.

నాకు తెలిసిన రోజున ఇద్దరినీ వెంటబెట్టుకొని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె కాగితం మీద రెండు గీతలు గీసి చెప్పింది. నాకు అర్థమైనట్టు మన భాషలో చెప్తాను.

ప్రతి మనిషికీ దాదాపు ప్రతి జన్యువు రెండు ప్రతులుంటాయి, తల్లిదొకటి, తండ్రిదొకటి. మామూలుగా రెండూ పనిచేస్తాయి, ఒకటి చెడినా రెండోది లాక్కొస్తుంది. ఈ యూబీఈ3ఏ మాత్రం వేరు. మెదడులోని నరాల కణాల్లో తండ్రి ఇచ్చిన ప్రతి నోరు మూసుకొని ఉంటుంది. నాలో, మీలో, అందరిలో అంతే. మస్టర్‌లో ఇద్దరి పేర్లున్నా ఒక్కరే పాళీకి వచ్చినట్టు. ఆ వచ్చే ఒక్కరూ, అంటే తల్లి ప్రతి, లేకపోతే ఇక ఆ పని చేసేవాళ్లే లేరు. ఆ పనేమిటంటే, కణంలో పనైపోయిన ప్రోటీన్లకు పారేయమని గుర్తు వేయడం. సాల్‌లో దూది చెత్త ఊడ్చేవాడు రాకపోతే రెండు రోజుల్లో మగ్గాలు ఎలా అడ్డం పడతాయో మీకు తెలుసు.

నూటికి డెబ్బై మంది పిల్లల్లో ఆ ముక్క పోవడం అప్పటికప్పుడు జరిగిన ప్రమాదం. తల్లి జన్యువుల్లో ఏ లోటూ ఉండదు. ఆమె తిన్నదీ, చూసినదీ, చేసినదీ ఏదీ కారణం కాదు. మా వాడిది ఇదే రకం. వాడి తెలుపు కూడా అక్కడిదే. పోయిన ముక్కలో ఒంటికి రంగునిచ్చే జన్యువు కూడా ఒకటుంది. ఆ మాట డాక్టరమ్మ చెప్పినప్పుడు అక్క తల వంచుకొని చాలాసేపు కొంగు నలుపుకుంటూ కూచుంది.

"మరి అదే చోట తండ్రి ముక్క పోతే?" అని నేనడిగాను. అప్పుడు ఇంకో జబ్బు వస్తుందట, ప్రాడర్ విల్లీ అని. ఆ పిల్లలు పుట్టినప్పుడు నీరసంగా ఉండి, తర్వాత ఎంత తిన్నా ఆకలి తీరకుండా పెరుగుతారు. అంటే ఈ ముక్క ఎవరి వైపు నుంచైనా పోవచ్చు.

అమ్మమ్మ తన ప్రశ్న అడగలేదు. నేనే అడిగాను, మేనరికం వల్లనా అని. కాదంది డాక్టరమ్మ. తలసీమియా లాంటి కొన్ని జబ్బుల్లో తల్లీతండ్రీ ఇద్దరిలోనూ ఒకే లోటు ఉంటేనే బిడ్డకు వస్తుంది. దగ్గరి చుట్టాల్లో పెళ్లిళ్లయితే వాటికి అవకాశం పెరుగుతుంది, అది నిజం. ఏంజెల్‌మన్ ఆ లెక్కలోది కాదు. అమ్మమ్మ "అట్లనా" అన్నది, అంతే. తిరుగు ప్రయాణంలో బస్సు దిగేదాకా అక్క చెయ్యి వదల్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొద్దిమందిలో, నూటికి పదిమందిలో అనుకోండి, ముక్క పోదు, జన్యువులోనే తప్పు అక్షరం పడి ఉంటుంది. అది ఒక్కోసారి తల్లిలో కూడా ఉండొచ్చు. ఆమెకు తన తండ్రి నుంచి వచ్చి ఉంటే ఆమె ఆరోగ్యంగానే ఉంటుంది, ఎందుకంటే తండ్రి ప్రతి ఎలాగూ నిద్రపోతుంది. కాని ఆమె బిడ్డల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఇవి కాక ఇంకా రెండు మూడు రకాలున్నాయి. ఏ రకమో తెలియకుండా రెండో కాన్పు గురించి ఎవరు ఏం చెప్పినా నమ్మకండి, ధైర్యమైనా సరే, భయమైనా సరే. పరీక్ష కాగితం చూసి జన్యువుల డాక్టరే చెప్పాలి.

నవ్వంటే సంతోషమేనా

జనం రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు "పాపం, వానికేం తెల్వదు, ఊరికెనే నవ్వుతడు" అంటారు. ఇంకొకరు "అదృష్టవంతుడు, ఏ చింతా లేదు" అంటారు. తొమ్మిదేళ్లు వాడితో గడిపాక రెండూ తప్పే అంటాను నేను.

ఊరికే నవ్వడు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ ఓలివర్ అనే ఆయన, ఆయనతోటివాళ్లు ఈ పిల్లల్ని జాగ్రత్తగా గమనించారు. ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వు తక్కువ. మనిషి దగ్గరికొచ్చి, కళ్లలోకి చూసి, మాట్లాడితే నవ్వు ఎక్కువ. మా డాక్టరమ్మ తల తిప్పి చూసింది అందుకే. వీళ్లకు మనుషులంటే ఆకలి. మాటలు రావు కాబట్టి మనిషిని దగ్గర నిలుపుకోవడానికి ఉన్న తాడు ఆ నవ్వే.

చింత లేదనడం ఇంకా పెద్ద పొరపాటు. రెండేళ్ల కింద ఒక రాత్రి వాడు మామూలుకన్నా ఎక్కువ నవ్వాడు. గొంతు సన్నగా, పైకి పోయి. తల గోడకేసి రాస్తున్నాడు. నిద్ర రాక ఆడుతున్నాడనుకొని మేము దీపం ఆర్పేశాం. పొద్దున చూస్తే దిండుమీద చీము మరక, చెవిలోది. రాత్రంతా నొప్పితో ఉన్నాడు. ఈ జబ్బున్నవాళ్లకు భయమైనా, నొప్పైనా, కంగారైనా మొహంమీదకు నవ్వులాగానే వస్తుందని డాక్టర్లు పుస్తకాల్లో రాసిందే. మాకు తెలియక కాదు. తెలిసి కూడా ఆ రాత్రి మరిచిపోయాం.

ఇప్పుడు నవ్వును వినడం నేర్చుకున్నాం. కడుపులోంచి వచ్చే నవ్వు వేరు, గొంతు బిగబట్టి వచ్చేది వేరు. నవ్వుతూ కాళ్లు ముడుచుకుంటే కడుపు చూస్తాం, మలబద్ధకం వీళ్లకు మామూలు. నవ్వు ఆగి కళ్లు నిలబడితే ఫిట్స్ ఏమో చూస్తాం. కొత్తవాళ్లు గుంపుగా వచ్చినప్పుడు నవ్వుతూనే అక్క జుట్టు పట్టి లాగుతాడు, అది భయం. వయసొచ్చేకొద్దీ ఈ నవ్వు కొంత తగ్గి బెదురు పెరుగుతుందని చెప్పారు. ఫిట్స్, నిద్ర మాత్రం చాలామందిలో ముందుకన్నా నయమవుతాయట. ఆయుష్షు దాదాపు అందరిలాగే ఉంటుంది. కాబట్టి మనం పోయాక వీడి గతేమిటి అనే ప్రశ్న ఇప్పటి నుంచే ఇంట్లో ఉంది.

వాడి భాష మొదట కనిపెట్టింది మా తాత. ముప్ఫై ఏళ్లు సాల్‌లో మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. ఆ మోతలో నోటిమాట ఎక్కడ వినబడుతుంది? అన్నీ చేతులే. వేలు గిరగిరా తిప్పితే బాబిన్ అయిపోయిందని, బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్ అని, మీసం దువ్వితే జాబర్ వస్తున్నాడని. మిల్లు మూతపడ్డాక ఆ సైగలు ఎవరితో చేయాలో తెలియక కూచున్నాడు. మనవడితో మొదలుపెట్టాడు. అన్నం తినేటప్పుడు, నీళ్లు పోసేటప్పుడు, అదే సైగ, రోజూ. ఏడాదికి వాడు బొటనవేలు కాదుగాని పిడికిలి నోటికి ఆనించాడు. నీళ్లు కావాలని. తాత కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, ఆ మనిషి మిల్లు గేటుకు తాళం వేసిన రోజు కూడా ఏడవలేదు. లాంకషైర్ మిల్లు ఆడవాళ్లు కూడా మోతలో పెదాలు బాగా కదిపి, చేతులతో ఇలాగే మాట్లాడుకునేవాళ్లని తర్వాత ఎక్కడో చదివి చెప్తే, "మరి మగ్గం ఏడున్నా మగ్గమే గద" అన్నాడు.

ఈ పిల్లలకు మాట రాదు, వచ్చినా రెండు మూడు మాటలే. కాని అర్థం చేసుకునేది మాటకన్నా చాలా ఎక్కువ. సైగలు, బొమ్మల అట్టలు, టాబ్లెట్‌లో బొమ్మ నొక్కితే పలికే పద్ధతులు, ఏవైనా చిన్నప్పటి నుంచే మొదలుపెట్టాలి. మాటొచ్చేదాకా ఆగుదామనుకుంటే ఆగుతూనే ఉంటాం.

ఇంట్లో, దవాఖానలో

నీళ్లంటే వీళ్లకు ప్రాణం. కాగితం చప్పుడు, ప్లాస్టిక్ సంచి గరగర, నీళ్లు, ఈ మూడింటికీ ఎక్కడున్నా వస్తారు. రోజూ నల్లా రాని మన ఊర్లో ప్రతి ఇంట్లో డ్రమ్ములు, హౌదులు నిండుగా ఉంటాయి. మా వాడు ఒకసారి బకెట్‌లో తలపెట్టి నవ్వుతున్నాడు. అక్క రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో. ఇప్పుడు ప్రతి డ్రమ్ముకూ బిగించే మూత, హౌదుకు తాళం. ఎండ కూడా వీళ్లకు పడదు. మన వేసవిలో మధ్యాహ్నం బయటికి తీయం.

ఫిట్స్ వస్తే చెప్పు వాసన, తాళంచెవుల గుత్తి, ఉల్లిగడ్డ, ఇవన్నీ పక్కన పెట్టండి. పిల్లాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే దవాఖానకు పరుగెత్తాలి. మందుల విషయం: కార్బమజెపిన్, విగబాట్రిన్ లాంటి కొన్ని ఫిట్స్ మందులు ఈ జబ్బులో ఫిట్స్‌ను పెంచవచ్చు. అందుకే జబ్బు పేరు తెలియడం అంత ముఖ్యం. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపకండి, హఠాత్తుగా ఆపితే ఇంకా ప్రమాదం. డాక్టర్ని అడగండి.

అనుమానం ఉంటే మొదట పిల్లల నరాల డాక్టరు దగ్గరికి. మామూలు క్రోమోజోము పరీక్షలో ఇది దొరక్కపోవచ్చు. మిథైలేషన్ అనే పరీక్ష అడగాలి, దానితో పదిమందిలో ఎనిమిదిమంది బయటపడతారు. మిగతావాళ్లకు జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్ష కావాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది, సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ జన్యు పరీక్షలు చేస్తుంది. తమిళనాడు వైపు మనవాళ్లకు వెల్లూరు సీఎంసీ దగ్గర. జిల్లా స్థాయిలో చిన్నపిల్లల ఎదుగుదల చూసే డీఈఐసీ కేంద్రాలున్నాయి, ఫిజియోథెరపీ అక్కడ మొదలుపెట్టొచ్చు. వికలాంగుల యూడీఐడీ కార్డు తీసుకోండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు వస్తుంది, బుద్ధి ఎదగనివాళ్లకు, ఒకటికి మించి వైకల్యాలున్నవాళ్లకు అది వర్తిస్తుంది.

నయం చేసే మందు ఇంకా లేదు. నిద్రపోతున్న తండ్రి ప్రతిని లేపే మందుల్ని వెన్నులోకి సూదితో ఇచ్చి విదేశాల్లో పిల్లలమీద పరీక్షిస్తున్నారు. ఎలుకల్లో ఆ ప్రతిని లేపొచ్చని అమెరికాలో 2011లోనే చూపించారు. అది మన దాకా వచ్చేలోపు మూలకణాలనీ, పసరనీ, లక్షలు అడిగేవాళ్లు వస్తారు. మా ఇంటికీ వచ్చారు. మామ అప్పటికే చిట్టీ ఎత్తడానికి సిద్ధమయ్యాడు. డాక్టరమ్మకు ఫోన్ చేసి ఆపించాం.

వాడికిప్పుడు తొమ్మిదేళ్లు. ఐదో ఏట నడిచాడు, చేతులు రెండూ పైకెత్తి, ఎవరినో పలకరించబోతున్నట్టు. కండెల అట్టపెట్టెలు కత్తిరించి నేను బొమ్మల పలకలు చేశాను: నీళ్లు, అన్నం, నొప్పి, బయటికి, తాత. నొప్పి బొమ్మ వాడు ఇంకా పట్టుకోలేదు. దాన్ని నేర్పడమే ఇప్పుడు మా పని. మొన్న రాత్రి రెండింటికి లేచి నవ్వుతూ తాత బొమ్మ తెచ్చి అక్క ఒళ్లో పడేశాడు. తాత లేచి, చీకట్లోనే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించాడు. అక్క లేచి స్టవ్ ముట్టించింది.